ఉన్న అవయవానికే పరీక్ష

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ వయసు 24 అని, ఊరు నెల్లూరని, ఉద్యోగం చెన్నైలో ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద అని, పుట్టినప్పుడు ఆడపిల్లగా రాయించినా మిమ్మల్ని మీరు ఆడగానూ మగగానూ లెక్కవేసుకోరని, ఏడాదిన్నరగా మూడు వారాలకొకసారి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకుంటున్నారని, ఎనిమిది నెలలుగా నెలసరి రావడం లేదని రాశారు. మీతో కలిసి ఉంటున్నది ఒక తిరునంగై, అంటే తమిళంలో ట్రాన్స్ మహిళ. ఆమె ఈస్ట్రోజన్ మాత్రలు వాడుతున్నారు, ఆపరేషన్ వచ్చే ఏడాది చేయించుకోవాలనుకుంటున్నారు. రెండు వారాల క్రితం కండోమ్ జారిపోయింది. ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళితే పెళ్ళయిందా అని అడిగి, కాలేదనగానే మీకు ఈ పరీక్షలతో పనిలేదని పంపించేశారు. ఇప్పుడు ఏ పరీక్షలు చేయించుకోవాలి, ఎక్కడ, ఏమని చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

నేను సూళ్ళూరుపేట మనిషిని. చెన్నైలో సుఖవ్యాధుల వైద్యంలో 26 ఏళ్ళు గడిపి ఈమధ్యే విరమించాను. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా తెలిసివచ్చిన సంగతి ఏమిటంటే, ఏ పరీక్ష కావాలన్నది రెండు విషయాల మీదే ఆధారపడుతుంది: ఆ శరీరంలో ఈరోజు ఏ అవయవాలు ఉన్నాయి, కలయికలో వాటిలో ఏది దేనికి తగులుతోంది. ఈ రెండూ అడగకుండా ఓపీ చీటీలోని స్త్రీ, పురుష గడి చూసి మందు రాసే డాక్టరు కళ్ళకు గంతలు కట్టుకుని రాస్తున్నట్టే లెక్క. మీరు వెళ్ళిన డాక్టరు పెళ్ళయిందా అని అడిగింది నిజానికి సంభోగం జరుగుతోందా అని తెలుసుకోవడానికే. మన వైపు ఆ ప్రశ్నకు అది మర్యాద ముసుగు. ఆ ముసుగు వల్ల మీకు అవసరమైన పరీక్ష తప్పిపోయింది.

అన్నిటికంటే ముందు గర్భ పరీక్ష. మీరు అడిగిన పరీక్షల్లో అది లేదు గనుకనే మొదట రాస్తున్నాను. నెలసరి ఆగిపోయింది కాబట్టి ఇక ఆ భయం లేదని, ఆమె కూడా హార్మోన్లు వాడుతున్నారు కాబట్టి అటువైపు నుంచి కూడా ప్రమాదం లేదని అనుకునేవారిని చాలామందిని చూశాను. టెస్టోస్టిరాన్ నెలసరిని ఆపుతుంది గాని అండం విడుదల కాకుండా ప్రతిసారీ ఆపుతుందన్న హామీ లేదు. ఈస్ట్రోజన్ వీర్యకణాలను బాగా తగ్గిస్తుంది గాని పూర్తిగా లేకుండా చేస్తుందన్న భరోసా లేదు. ఈ రెండింటిలో ఏదీ గర్భనిరోధక మందు కాదు. నెలసరి వచ్చేవారికి తేదీ తప్పడమే ఒక హెచ్చరిక, మీకు ఆ హెచ్చరిక అందదు. కాబట్టి కండోమ్ జారిన నాటి నుంచి 21 రోజులు లెక్కపెట్టి, మందుల షాపులో దొరికే కిట్టుతో పొద్దున మొదటిసారి వచ్చే మూత్రంలో చూసుకోండి. అంటే ఇంకో వారం. ఈలోగా ఇంజెక్షన్ తేదీ వస్తే, ఫలితం తెలిసేదాకా వాయిదా వేయవచ్చా అని అది రాసే డాక్టరునే అడగండి, ఎందుకంటే గర్భం ఉంటే టెస్టోస్టిరాన్ పిండానికి హాని చేస్తుంది.

గర్భం ఉందని తేలి, అది వద్దనుకుంటే తొలగించుకునే దారి చట్టంలో ఉంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, స్త్రీ అన్న మాటను తాము వాడినచోటల్లా గర్భస్రావం అవసరమైన ఇతర లింగ గుర్తింపుల వారు కూడా అందులో చేరతారని చెప్పింది. పెళ్ళికాని వారికి, పెళ్ళయిన వారికి మధ్య తేడా చూపకూడదని తేల్చింది కూడా ఆ తీర్పే. పెళ్ళయిందా అన్న ప్రశ్న ఇంకెక్కడైనా అడ్డుపడితే ఈ తేదీ మీకు పనికొస్తుంది.

ఇలాంటిది జరిగిన 72 గంటల్లోపు అయితే లెవోనార్‌జెస్ట్రెల్ మాత్ర, 5 రోజుల్లోపు అయితే కాపర్ టీ గర్భాన్ని అడ్డుకోగలవు. మీకు ఈసారి ఆ గడువు దాటింది, కాని టెస్టోస్టిరాన్ వాడేవారు కూడా ఆ మాత్ర నిస్సంకోచంగా వేసుకోవచ్చునని గుర్తుంచుకోండి. చెన్నైలో చాలా మందుల షాపుల్లో ఈ మాత్ర అడిగితే లేదంటారు, ఇక్కడ కాపురం ఉన్నవారందరికీ తెలిసిన సంగతే ఇది. నెల్లూరు వెళ్ళివచ్చేటప్పుడు ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం నా దృష్టిలో తెలివైన పని. దీర్ఘకాలానికి కాపర్ టీ గాని, హార్మోన్ లూప్ గాని, మూడు నెలలకొకసారి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ గాని వాడవచ్చు. వీటిలో ఏదీ టెస్టోస్టిరాన్ పనికి అడ్డురాదు.

కండోమ్ ఎందుకు జారిందో మీరు రాయలేదు, నేను ఊహించగలను. ఈస్ట్రోజన్, దానితోపాటు పురుష హార్మోన్‌ను అణిచే మందులు వాడుతున్నవారిలో అంగస్తంభన మెత్తబడుతుంది, మధ్యలో తగ్గిపోతుంది కూడా. కండోమ్ అనేది గట్టిదనం నిలుస్తుందన్న నమ్మకం మీద చేసిన వస్తువు. మెత్తబడిన అంగం మీద అది వదులై, బయటికి తీసేటప్పుడు లోపలే ఉండిపోతుంది. ఆమె తప్పు కాదు, మీ తప్పూ కాదు. కొంచెం ఇరుకైన సైజు ఎంచుకోవాలి, కదలిక తగ్గిందనిపించగానే కండోమ్ మొదలును వేళ్ళతో పట్టుకుని బయటికి తీయాలి, లేదా మీరే లోపల అమర్చుకునే ఫిమేల్ కండోమ్ వాడుకోవాలి. చివరిదానికి అంగం గట్టిగా ఉండాల్సిన అవసరమే లేదు. ఆ పేరు మీకు ఇబ్బందిగా ఉంటే లోపలి కండోమ్ అనండి, చాలామంది అలాగే అంటారు.

మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టెస్టోస్టిరాన్ వాడుతున్న కొద్దీ యోని లోపలి పొర పలచబడి, పొడిబారుతుంది. పొడిగా ఉన్నచోట ఒరిపిడికి కంటికి కనిపించనంత సన్నని చీలికలు పడతాయి, ఇన్ఫెక్షన్ లోపలికి పోవడానికి అవి చాలు. దీనికి మనవాళ్ళు చేతికందిన కొబ్బరినూనె సీసా తీస్తారు. కొబ్బరినూనె, వాజ్‌లీన్, బేబీ ఆయిల్ ఏదైనా సరే, నూనె తగిలిన లాటెక్స్ కండోమ్ నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. నీటితో చేసిన జెల్ గాని, సిలికోన్ జెల్ గాని మాత్రమే వాడాలి. మంట తగ్గకపోతే ఆ చోట మాత్రమే రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము ఉంది. ఆ మాట వినగానే గడ్డం పోతుందేమో, గొంతు మారిపోతుందేమో అని భయపడతారు. ఆ కొద్దిపాటి క్రీము వల్ల టెస్టోస్టిరాన్ తెచ్చిన మార్పులు వెనక్కి పోవు.

ఇక సుఖవ్యాధుల సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక తిరునంగై నా దగ్గరికి వచ్చి, తన భాగస్వామికి సెగవ్యాధి తేలిందని, తనకూ పరీక్ష చేయమని అడిగారు. నేను మూత్రం సీసా ఇచ్చి పంపాను, రిపోర్టు నెగెటివ్ వచ్చింది, ఏమీ లేదని భరోసా ఇచ్చాను. పదిహేను రోజులకు ఆమె మళ్ళీ వచ్చి, కుర్చీ అంచున ఒక పక్కకు ఒరిగి కూర్చున్నారు. మలద్వారం నుంచి చీము వస్తోంది. ఇన్ఫెక్షన్ అక్కడ ఉంటే నేను మూత్రంలో వెతికాను. ఆమె ఏ అవయవంతో కలుస్తారని నేను అడగలేదు, అడగడానికి మొహమాటపడ్డాను. ఆ మొహమాటానికి శిక్ష ఆమె అనుభవించారు. అప్పటి నుంచి గొంతు, మలద్వారం, యోని, మూత్రనాళం అని నాలుగు పేర్లు నేనే వరుసగా చదివి, ఏవి తగులుతున్నాయో చెప్పండి చాలు అని అడిగేవాణ్ణి. అడిగే తీరు మామూలుగా ఉంటే జవాబు కూడా మామూలుగానే వస్తుంది.

గొంతులోను, మలద్వారంలోను ఉండే గనేరియా (సెగవ్యాధి), క్లమీడియా అనే మరో సుఖవ్యాధి చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో లక్షణాన్ని బట్టి రంగు పెట్టెల్లో మందులిచ్చే పద్ధతి ఉంది, స్రావం ఉంటే బూడిదరంగు పెట్టె, పుండు ఉంటే తెల్ల పెట్టె అన్నట్టు. లక్షణం ఉన్నవారికి అది ఎంతో మేలు చేసింది, అదే రోజు మందు చేతికొస్తుంది. కాని లక్షణం లేనివారు ఆ జల్లెడలోంచి జారిపోతారు. వీలైతే తగిలిన ప్రతిచోటి నుంచి దూదిపుల్లతో నమూనా తీసి న్యాట్ అనే పరీక్ష చేయించుకోండి. రెండు వారాలు గడిచాయి కాబట్టి దానికి ఇది సరైన సమయం. ఆ దూదిపుల్లను తలుపు వేసుకుని మీ అంతట మీరే తీసుకోవచ్చు, డాక్టరు తీసిన దానితో సమానంగానే పనిచేస్తుంది. కాళ్ళు ఎడంగా పెట్టి ఆ బల్ల మీద పడుకోవడమే భరించలేనివారికి ఇది పెద్ద ఊరట.

రక్తంలో హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, సి చూడాలి. ఇవి ఇప్పుడొకసారి, మళ్ళీ మూడు నెలలయ్యాక ఒకసారి, ఇద్దరూ చేయించుకోవాలి. ఇప్పటి నెగెటివ్ రెండు వారాల కిందటి సంగతి చెప్పదు, అంతకు ముందటి సంగతే చెబుతుంది. నంబిక్కై మైయంలో (ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో) చేసే హెచ్ఐవీ యాంటీబాడీ పరీక్షకు మూడు నెలల గడువు కావాలి, ప్రైవేటు ల్యాబుల్లోని నాలుగో తరం పరీక్ష అయితే 45 రోజులకు నమ్మదగిన జవాబు ఇస్తుంది. హెపటైటిస్ బి లేదని తేలితే మూడు డోసుల టీకా మొదలుపెట్టేయండి. సిఫిలిస్ తొలిదశలో తేలితే 24 లక్షల యూనిట్ల పెన్సిలిన్ ఒక్క ఇంజెక్షన్‌తో నయమవుతుంది. నొప్పి బాగానే ఉంటుంది, అబద్ధం చెప్పను.

నంబిక్కై మైయం అన్నది ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రానికి తమిళనాడులో పెట్టిన పేరు, బోర్డు మీద తమిళంలో అలాగే ఉంటుంది కాబట్టి మన లిపిలో ఇక్కడ రాస్తున్నాను. పరీక్ష ఉచితం, కౌన్సిలర్ ముందు మాట్లాడతారు. పార్క్ టౌన్‌లోని జీహెచ్‌లో (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో) మద్రాస్ మెడికల్ కాలేజీ వెనిరియాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 1097కు ఫోన్ చేయవచ్చు, అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వారి ఉచిత నంబరు. ఈ విషయంలో ఈ నగరానికి అనుభవం ఎక్కువ. 1986లో దేశంలో తొలి హెచ్ఐవీ కేసులు డాక్టర్ సునీతి సోలమన్ బృందం ద్వారా బయటపడింది ఇక్కడే, 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మందులు (హెచ్ఐవీని అణిచేవి) మొదలైన ఎనిమిది ఆసుపత్రుల్లో తాంబరం శానటోరియం ఒకటి. ఇద్దరిలో ఎవరికైనా పాజిటివ్ వస్తే ప్రపంచం మునిగిపోదు. రోజూ మాత్ర వేసుకుని రక్తంలో వైరస్ లెక్కకందనంత తగ్గిన మనిషి నుంచి కలయిక ద్వారా హెచ్ఐవీ అంటదు. ఆ మందుల కోసం హార్మోన్లు ఆపేయాల్సిన పని కూడా లేదు, ఏవి వాడుతున్నారో ఏఆర్‌టీ డాక్టరుకు చెబితే సరిపడే మందులు చూసి రాస్తారు. హార్మోన్లు ఎక్కడ ఆపమంటారోనన్న భయంతో ఏఆర్‌టీ మాత్రలే మానేసినవారు నాకు తెలుసు కాబట్టి ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ భద్రతకు ప్రెప్ మాత్ర, అంటే హెచ్ఐవీ అంటకుండా ముందుగానే వేసుకునే మందు గురించి కూడా ఆలోచించండి. మగవారికోసం రాసిన సమాచారంలో, కలయికకు ముందు రెండు, తర్వాత రెండు రోజులు ఒక్కొక్కటి వేసుకుంటే చాలని ఉంటుంది. ఆ లెక్క మీకూ వర్తించదు, ఈస్ట్రోజన్ వాడే ఆమెకూ వర్తించదు. మీ ఇద్దరూ రోజుకొకటి చొప్పున వేసుకోవాలి, రక్షణ పూర్తిగా రావడానికి ఏడు రోజులు పడుతుంది. మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, మూత్రపిండాల పరీక్షలు తప్పనిసరి. హెచ్ఐవీ ఉండవచ్చని అనుమానమున్న మనిషితో ఇంకెప్పుడైనా కండోమ్ చిరిగినా జారినా 72 గంటల్లోపు, వీలైతే అదే రాత్రి, పెప్ (ప్రమాదం జరిగాక హెచ్ఐవీని అడ్డుకునే మందు) కోసం పెద్ద ఆసుపత్రి క్యాజువాల్టీకి వెళ్ళండి. అది 28 రోజుల మందు.

ఆమె విషయానికి వస్తే, ఏ ఈస్ట్రోజన్ మాత్రలో మీరు రాయలేదు. మాలా డి లాంటి గర్భనిరోధక మాత్రలు రోజుకు నాలుగైదు చొప్పున మింగేవారిని ఎందరినో చూశాను, చౌకగా దొరుకుతాయి, తిరునంగైల బృందంలో పెద్దగా ఉండే గురువు చెప్పారని వాడతారు. వాటిలో ఉండే ఎథినైల్ ఈస్ట్రడయాల్ ఆ మోతాదులో రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తుంది. ఒక కాలి పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) రాసే ఈస్ట్రడయాల్ మాత్రలు వేరు, అవే వాడమనండి.

ఆపరేషన్ గురించి మీరు అడగలేదు గాని రెండు మాటలు. ముందుగా, ఎప్పటికైనా తన బిడ్డ కావాలన్న ఆశ ఆమెకు ఉంటే వీర్యం భద్రపరచే సంగతి ఇప్పుడే మాట్లాడాలి, ఆపరేషన్ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. రెండోది, నిర్వాణం (బృందంలో సంప్రదాయంగా చేసే అంగఛేదన) పేరుతో అనుభవం లేని చేతుల్లో కోయించుకున్నవారి బాధ నేను చూశాను. ఒక పెద్దావిడ, అందరూ అక్కా అని పిలిచేవారు, మూత్రానికి వెళితే గోడకు తల ఆనించి అరగంట నిలబడేవారు. మూత్రనాళం నోరు మచ్చకట్టి సూదిబెజ్జమంత అయింది. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తుందని ఎనిమిదేళ్ళు ఓర్చుకున్నారు. తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ శస్త్రచికిత్స ఉచితంగా చేస్తారు కాబట్టి తొందరపడవద్దని చెప్పండి. కొత్తగా అమర్చిన యోని చర్మంతో చేసినదైతే తనంతట తాను తడి కాదు, జెల్ లేకుండా ఒరిపిడి పడదు. పేగు ముక్కతో చేసినదైతే తడి ఉంటుంది, గనేరియా, క్లమీడియా అక్కడ కూడా తగలవచ్చు. కొత్త యోనిలో గర్భాశయ ముఖద్వారం ఉండదు, దాని క్యాన్సర్ కోసం చేసే పాప్ స్మియర్ పరీక్ష అక్కర్లేదు. ప్రోస్టేట్ మాత్రం ఉంటుంది, ఆపరేషన్‌లో దాన్ని తీసేయరు. ఏభై దాటాక మూత్రం ఇబ్బంది వస్తే ఆ మాట డాక్టరుకు ఆమే గుర్తుచేయాలి.

డాక్టరు ముందు ఏమని చెప్పాలన్నది మీ అసలు భయమనిపించింది. ఒక చీటీ మీద ఇలా రాసుకుని వెళ్ళి చేతికివ్వండి: నాకు గర్భాశయం, అండాశయాలు, యోని ఉన్నాయి, టెస్టోస్టిరాన్ ఫలానా మోతాదు, చివరి ఇంజెక్షన్ ఫలానా తేదీ, భాగస్వామికి పురుషాంగం ఉంది, కలయిక ఫలానా అవయవంతో, ఫలానా తేదీన కండోమ్ జారింది. మీ గుర్తింపు గురించి వివరణ ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు, అడిగితే ఇష్టమైతేనే చెప్పండి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వైద్యంలో వివక్షను నిషేధించింది. మీకు వివరించి, మీ సమ్మతి తీసుకోకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదని, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదని 2017 నాటి హెచ్ఐవీ చట్టం చెబుతోంది. ఎవరైనా మిమ్మల్ని మార్చేస్తామని మందులు, కౌన్సెలింగు రాయబోతే, 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు దాన్ని నిషేధించిందని చెప్పి లేచి వచ్చేయండి.

తోటి డాక్టర్లకు, నర్సులకు నేను చెప్పేది ఒకటుంది, మీ చీటీ చదివేవారికి అది కూడా వినిపిస్తే బాగుండును. వచ్చాడా, వచ్చిందా అని తేల్చుకోలేక కారిడార్‌లో నీళ్ళు నమిలేవారిని చూస్తుంటాను. మన భాషలో ఆ చిక్కుకు విరుగుడు ఎప్పటినుంచో ఉంది. మీరు, వారు, వచ్చారు, కూర్చున్నారు అంటే ఆడామగా ప్రసక్తే రాదు, పైగా మర్యాద కూడా దక్కుతుంది. తమిళంలో అవర్ అన్నా అంతే.

చివరిగా హెచ్‌పీవీ, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్. దాన్ని అడ్డుకునే సెర్వావాక్ టీకా 9 నుంచి 26 ఏళ్ళ వరకు ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడా అనుమతించారు. మీ వయసుకు మూడు డోసులు, ఆరు నెలలు పడుతుంది, కాబట్టి ఇంకో ఏడాది చూద్దామనుకోకండి. గర్భాశయ ముఖద్వారం ఉన్నంతకాలం 30 ఏళ్ళు నిండాక దాని క్యాన్సర్ పరీక్ష కూడా మీకు వర్తిస్తుంది. టెస్టోస్టిరాన్ వాడేవారిలో పాప్ స్మియర్ సరిపోను కణాలు రాక తిరిగి రావడం మామూలు, అందుకని మీ అంతట మీరే దూదిపుల్లతో తీసుకోగల హెచ్‌పీవీ పరీక్ష మేలు. ఏది చేయించినా ల్యాబుకు వెళ్ళే కాగితం మీద గర్భాశయ ముఖద్వారం ఉంది, టెస్టోస్టిరాన్ వాడుతున్నారు అని డాక్టరు చేత రాయించండి. అప్పటికి మీ ఆధార్‌లో పేరు మారి ఉంటే, ఆ వాక్యం లేని నమూనాను ల్యాబువారు ఎవరిదో పొరపాటున వచ్చిందనుకుని పక్కన పెట్టేస్తారు.